కాలనిష్: రాళ్లకంటే చిన్న వయసున్న నేల

1857లో స్కాట్లాండ్ వాయవ్య తీరాన ఉన్న లూయిస్ దీవిలో, సముద్రపు పాయ పక్కనున్న ఒక మెట్ట మీద కూలీలు నల్లటి మట్టి లాంటిది తవ్వి పోశారు. ఆ నలుపులోంచి రాళ్లు పైకి పొడుచుకొని ఉండేవి. అవి ఊళ్లో అందరికీ తెలిసినవే. ఎంత లోతు నుంచి లేచాయో మాత్రం ఎవరికీ తెలీదు. తవ్వేకొద్దీ రాళ్లు పొడవయ్యాయి. సుమారు ఐదడుగులు, అంటే మీటరున్నర తీశాక గానీ రాళ్లు పాతిన అసలు నేల తగల్లేదు. నడుమ ఉన్న రాయి 4.8 మీటర్ల నిలువుతో బయటికొచ్చింది. ఆ రాళ్ల వలయం లోపల అప్పటిదాకా కనపడని చిన్న సమాధి గది కూడా కనపడింది.

ఈ చోటి పేరు కాలనిష్. ఈజిప్టు పిరమిడ్లకంటే కాస్త ముందో, ఇంచుమించు వాటి కాలంలోనో, క్రీ.పూ. 2900–2600 మధ్య నిలబెట్టిన రాళ్లు ఇవి. ఫొటోల్లో చూస్తే బూడిదరంగు రాళ్లు, వాటి వెనక కనుచూపు మేర చెట్టన్నది లేని గోధుమరంగు నేల, కిందికి వేలాడే మబ్బు కనిపిస్తాయి. రాళ్లూ ఆ నేలా ఒకేసారి పుట్టాయనిపిస్తుంది. చాలా రాతలు కూడా ఆ భావాన్నే అమ్ముకుంటాయి: ఆదిమకాలపు ఒంటరితనం, మనిషి అడుగుపెట్టని బీడు, ఆ బీడులో ఎవరో చేసుకున్న గుడి. కూలీలు తీసి పారేసిన మీటరున్నర మాత్రం వేరే లెక్క చెబుతుంది. రాళ్లు పాతేనాటికి అక్కడ ఆ బీడు లేదు. అది తర్వాత వచ్చింది, వచ్చి రాళ్లను నడుము దాకా మింగింది.

ఆ నేలకు తెలుగులో సరైన మాట లేదు. ఇంగ్లిష్‌లో ‘మూర్’ అంటారు. బీడు అందామంటే మన బీడు పొడిగా ఉంటుంది, ఇక్కడ అడుగేస్తే బూటు దిగబడుతుంది. చిత్తడి అందామంటే చిత్తడి పల్లంలో ఉంటుంది, ఇది గుట్టల మీద కూడా దుప్పటి కప్పినట్టు పరుచుకొని ఉంటుంది. హీథర్ అనే పొట్టి పొదలు, తుంగలాంటి గడ్డి, తెల్లటి దూదిపింజలు పూసే మరో గడ్డి, వాటి కింద నీళ్లు పీల్చుకున్న స్పంజిలాంటి నాచు. ఆ నాచు కింద ఉండేదే కూలీలు తవ్విన నల్లటి పదార్థం, పీట్. పేరుకి మట్టిలా ఉంటుంది గానీ అది మట్టి కాదు, పూర్తిగా కుళ్లని మొక్కల ముద్ద. ఇక్కడ మూర్, పీట్ అనే మాటలనే వాడుకుందాం.

రాళ్ల అమరిక మొదట చూడాలి. పదమూడు రాళ్ల వలయం, అడ్డకొలత పన్నెండు పదమూడు మీటర్లు. సరైన గుండ్రం కాదు, తూర్పు వైపు కాస్త నొక్కుకుపోయింది. ఇంగ్లండ్‌లోని పేరుమోసిన రాతి వలయం స్టోన్‌హెంజ్ పక్కన పెడితే ఇది చిన్నది, పెద్ద ఇంటి ముంగిలంత. కానీ ఈ వలయం నుంచి నాలుగు దిక్కులకూ రాళ్ల వరుసలు సాగుతాయి. ఉత్తరం వైపు జంట వరుస 83 మీటర్లు పోతుంది. తక్కిన మూడు దిక్కులకూ పొట్టి వరుసలు. పైనుంచి చూస్తే ఒంకర శిలువలా ఉంటుంది. శిలువ పుట్టకముందటి శిలువ కాబట్టి దాని గురించి ఊహలకు కొదవలేదు. వాటిని పక్కన పెడదాం.

రాయి దగ్గరికెళ్లి చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. అది నైస్ జాతి రాయి. తెలుపు, బూడిద, గులాబీ చారలు మెలికలు తిరిగి, చీల్చిన పాత చెక్క మీద ఈనెల్లా కనిపిస్తాయి. అక్కడక్కడా గుప్పెడంత నల్లటి ముద్దలు ఇరుక్కొని ఉంటాయి. ఈ జాతి శిలల్లో పాతవి సుమారు 300 కోట్ల ఏళ్లవి. హైదరాబాద్ చుట్టూ గుట్టల మీద పేర్చినట్టుండే గ్రానైట్ బండలు సుమారు 250 కోట్ల ఏళ్లవి. గ్రానైట్ బండ గుండ్రంగా అరుగుతుంది. ఈ నైస్ మాత్రం పొరల వెంట పలకలుగా ఊడుతుంది. కాలనిష్ రాళ్లు పలచగా, పొడవుగా, భుజాలు వంచి నిలబడ్డ మనుషుల్లా ఉండటానికి కారణం ఇదే. నడుమ రాయి 4.8 మీటర్ల ఎత్తున్నా మందం 30 సెంటీమీటర్లే. శిల్పి ఉలి పెట్టి చెక్కింది పెద్దగా ఏమీ లేదు. కొండ ఎలా ఊడి ఇచ్చిందో అలా తెచ్చి నిలబెట్టారు. అక్కడికి కొద్ది దూరంలో నా డ్రోమన్నన్ అనే చోట రాళ్లు ఊడదీసిన గట్టు, దాని పక్కనే పడిపోయిన మరో వలయం బయటపడ్డాయి. చుట్టుపక్కల కొన్ని కిలోమీటర్లలో ఇలాంటి చిన్నా పెద్దా రాతి కట్టడాలు డజనుకు పైనే ఉన్నాయి. కాలనిష్‌ది ఒంటి గుడి సంగతి కాదన్నమాట.

ఇక అసలు ప్రశ్న, ఆ రాళ్ల కింద ఏముంది? 1980, 81లో పురావస్తు శాస్త్రవేత్త పాట్రిక్ ఆష్‌మోర్ ఆధ్వర్యంలో తవ్వకాలు జరిగాయి. వలయానికి ముందటి కాలపు పొరలో దొరికింది పొలం. మట్టి ఎగదోసి చేసిన సాగు బోదెలు. అంటే రాళ్లు దింపింది అడవిలోనో బీడులోనో కాదు, ఎవరో దున్నుకుని వదిలేసిన చేలో. పీట్‌లోనూ చెరువుల అడుగునా చిక్కుకున్న పుప్పొడిని మైక్రోస్కోపు కింద లెక్కపెడితే, ఆ దీవిలో ఒకప్పుడు బిర్చ్, హేజెల్ చెట్లు పెరిగాయనీ, క్రమంగా అవి తగ్గి గడ్డీ పైరూ పెరిగాయనీ తేలింది. ఈనాడు గాలికి హీథర్ తప్ప ఏదీ ఊగని చోట అప్పట్లో బార్లీ ఊగింది.

వలయం కట్టాక కొన్ని తరాలకు, తూర్పు రాళ్లకీ నడుమ రాయికీ మధ్య ఉన్న ఇరుకులో సమాధి గదిని దూర్చారు. దూర్చారనే అనాలి, ఆ కొలతలు చూస్తే ముందు వేసుకున్న ప్లానులో అది ఉందనిపించదు. తర్వాత క్రీ.పూ. 1500–1000 మధ్య ఎవరో ఆ సమాధిని కెలికి, లోపలున్న కుండ పెంకులూ మట్టీ బయట పారబోశారు. శత్రువులు చేశారా, కొత్త నమ్మకం వచ్చి చేశారా, నాలుగు గింజలు పండించుకుందామని చేశారా అన్నదానికి పెంకులు సమాధానం చెప్పవు. రాళ్ల మీద భక్తి ఎప్పుడూ ఒకే తీరుగా ఉండలేదన్నది మాత్రం ఖాయం. అక్కడివాళ్ల ముత్తాతలు ఆ రాళ్లను ఎంతో కష్టపడి నిలబెట్టారు, మునిమనవలు వాటి మధ్య మట్టి కెలుక్కున్నారు.

ఆ తర్వాతే పీట్ రావడం మొదలైంది, సుమారుగా క్రీ.పూ. 1000–500 మధ్య. పీట్ ఏర్పడాలంటే నేల ఎప్పుడూ తడిసి ఉండాలి. నీళ్లు నిలిచిన చోట గాలి అందదు. గాలి అందకపోతే కుళ్లబెట్టే సూక్ష్మజీవులు సరిగ్గా పనిచేయవు. ఈ ఏడు చచ్చిన నాచు మీద వచ్చే ఏటి నాచు మొలుస్తుంది. ఆ నాచు తన చుట్టూ నీటిని పులుపెక్కించుకుంటుంది, ఆ పులుపుకి కుళ్లడం ఇంకా తగ్గుతుంది. ఒకసారి మొదలైతే తనను తాను పెంచుకునే వ్యవహారం. లెక్క వేస్తే వేగం కూడా తెలుస్తుంది. 1857 నాటికి మీటరున్నర పేరుకోవడానికి పట్టింది సుమారు 2,600 ఏళ్లు. ఏడాదికి అర మిల్లీమీటరు పైచిలుకు. ఒక మనిషి జీవితకాలంలో మూడు నాలుగు సెంటీమీటర్లు. కళ్లెదుటే పొలం పోతున్నా ఎవరి కంటా పడనంత నెమ్మది.

ఎవరి వల్ల జరిగింది అన్నదాని మీద వాదన ఉంది. వాతావరణం చల్లబడి వానలు పెరగడం ఒక కారణం. చెట్లు కొట్టేయడం ఇంకొకటి. చెట్టు భూమిలోంచి నీళ్లు తోడి ఆకుల గుండా గాలిలోకి వదులుతుంది. అది పోయాక ఆ నీళ్లన్నీ నేలలోనే ఉంటాయి. వాన నీళ్లు పై మట్టిలోని ఇనుమును కరిగించి కిందికి దింపితే అక్కడ పలచని గట్టి పొర కట్టి, నీళ్లు ఇంకకుండా ఆపుతుంది. పశువుల మేత, తగలబెట్టడం దీనికి తోడు. లూయిస్ లాంటి వాన దీవిలో మనిషి చెయ్యి పడకపోయినా పీట్ ఏదో ఒకనాటికి వచ్చేదేమో. కానీ గొడ్డలి, నాగలి దాని రాకను తొందరపెట్టాయన్న వాదనలో బలం ఉంది. అలాగైతే జనం ‘ప్రకృతి సిద్ధమైన’ బీడుగా చూసి మురిసిపోయే నేలలో సగం మన లాంటి రైతులు పాడుచేసుకున్న పొలమే.

ఈ కాలక్రమం మనసులో పెట్టుకుంటే కాలనిష్ మీద చలామణీ అయ్యే కొన్ని కథలు వాటంతటవే రాలిపోతాయి. డ్రూయిడ్లనే పాతకాలపు కెల్టు జాతుల పూజారులు ఇక్కడ క్రతువులు చేశారని పదిహేడో శతాబ్దం చివర్లో ఇక్కడికొచ్చిన మార్టిన్ మార్టిన్ అనే రచయితకి ఊరివాళ్లు చెప్పారు. డ్రూయిడ్ల గురించి రాతపూర్వకంగా తెలిసేనాటికి కాలనిష్ రాళ్లకు రెండున్నర వేల ఏళ్ల వయసు, అడుగున పీట్ పేరుకుంటోంది. గ్రీకు రచయిత డయొడోరస్ క్రీ.పూ. ఒకటో శతాబ్దంలో ఉత్తరాన ఒక దీవి గురించి రాశాడు. అక్కడ చంద్రుడు భూమికి చాలా దగ్గరగా కనిపిస్తాడనీ, పంతొమ్మిదేళ్లకోసారి దేవుడు వస్తాడనీ దాని సారాంశం. అది కాలనిష్ గురించేనని చెప్పేవాళ్లున్నారు. వినడానికి బాగుంటుంది. ఆయన రాసేనాటికి సమాధిని కెలికి ఇంచుమించు వెయ్యేళ్లో, అంతకంటే ఎక్కువో అయింది.

అలాగని చంద్రుడి సంగతి పూర్తిగా కొట్టిపారేసేది కాదు. చంద్రుడు ఉదయించే చోటు 18.6 ఏళ్ల చక్రంలో ఉత్తర, దక్షిణ కొసలకు జరిగి వెనక్కి వస్తుంది. ఆ కొసకు చేరిన కాలంలో, కాలనిష్ ఉన్న 58 డిగ్రీల అక్షాంశం నుంచి చూస్తే, నెలలో ఒక రాత్రి చంద్రుడు దక్షిణాన రెండు మూడు డిగ్రీల ఎత్తుకి మించి లేవడు. చెయ్యి చాపి రెండు వేళ్లు అడ్డం పెడితే ఎంతో అంత. అదే రాత్రి హైదరాబాద్ నుంచి చూస్తే చంద్రుడు దాదాపు 44 డిగ్రీల ఎత్తులో, డాబా మీద నుంచి హాయిగా కనిపిస్తాడు. కాలనిష్‌లో మాత్రం కొండల అంచు మీద దొర్లుతూ పోతాడు. దక్షిణాన ఆ కొండల వరుస వెల్లకిలా పడుకున్న ఆడమనిషి ఆకారంలో ఉంటుంది. అక్కడివాళ్ల గేలిక్ భాషలో ఆమెను ‘కాల్యక్ నా మోంట్యక్’ అంటారు, మూర్ ముసలమ్మ అని అర్థం. టూరిస్టు కరపత్రాల్లో ముసలమ్మ కాస్తా నిద్రపోతున్న సుందరి అయింది. చివరిసారి చంద్రుడు ఆ కొసకు చేరింది 2024–25లో, అంతకుముందు 2006లో.

రాళ్లు కావాలనే దీనికోసం పెట్టారా? ఇంజినీరింగ్ ప్రొఫెసర్ అలెగ్జాండర్ థామ్ 1930ల్లో ఇక్కడికి వచ్చి, తర్వాత దశాబ్దాల తరబడి బ్రిటన్ అంతటా వలయాల కొలతలు తీశాడు. అవి చంద్రుణ్ణి చాలా కచ్చితంగా గుర్తించే పరికరాలని వాదించాడు. తర్వాత క్లైవ్ రగుల్స్ అనే పరిశోధకుడు ఆ కొలతలను గణాంకాల పద్ధతిలో మళ్లీ పరిశీలించాక, అంత కచ్చితత్వానికి ఆధారం నిలవలేదు. యాభై రాళ్లున్న చోట ఏదో ఒక రెండింటిని కలిపితే ఆకాశంలో ఏదో ఒకటి తగులుతుంది. పరికరం అనడం అతి అనిపిస్తుంది. కొండల మీద దొర్లే చంద్రుణ్ణి ఏళ్ల తరబడి చూసిన రైతులు దాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఈ చోటు ఎంచుకున్నారనడం కూడా నమ్మశక్యం కాదు.

మింగేసిన పీట్‌తోనే తర్వాతి జనం బతికారు. చెట్లు లేని దీవిలో పొయ్యిలోకి కట్టె లేదు, పీట్ ఉంది. వేసవి ముందు ఒక్కో కుటుంబం తనకు కేటాయించిన గట్టు దగ్గరికి వెళ్తుంది. ‘టారష్కెర్’ అనే పొడవాటి పిడి పార ఉంటుంది, దాని అంచుకి అడ్డంగా కత్తి. ఒకరు కాలితో తొక్కి కోస్తుంటే ఇంకొకరు ఆ తడి ఇటుకను అందుకొని గట్టు మీదికి విసురుతారు. కొన్నాళ్లు పడుకోబెట్టి, పై తడి ఆరాక మూడు నాలుగు ఇటుకలను ఒకదానికొకటి ఆనించి నిలబెడతారు, గాలి ఆడాలి కదా. పూర్తిగా ఎండాక ఇంటి పక్కన వామిలా పేరుస్తారు. వాన లోపలికి దిగకుండా బయటి వరుస ఏటవాలుగా పేర్చడంలో ఉంటుంది పనితనం. పిడకల గూడు పేర్చిన చేతులకు ఇది కొత్తగా చెప్పాల్సిన పని కాదు. వేసవిలో ఆడవాళ్లూ పిల్లలూ ఆవులను తోలుకొని మూర్ లోపలికి వెళ్లి, చిన్న రాతి గుడిసెల్లో ఉండి, వెన్న తీసి, చలి మొదలయ్యాక తిరిగొచ్చేవారు. బయటివాళ్లకు ఖాళీగా కనిపించే ఆ నేలలో ప్రతి గుట్టకీ గుంటకీ గేలిక్‌లో పేరుంది.

రాళ్ల మీద వాళ్లు చెప్పుకున్న కథల్లో ఒకటి మరీ ఆ నేలలోంచి పుట్టినట్టుంటుంది. కరువు కాలంలో ఒకామె బతుకు మీద విరక్తితో సముద్రంలో పడబోతే, నీళ్లలోంచి తెల్లటి ఆవు వచ్చి, రాళ్ల దగ్గరికి బిందె తెచ్చుకోమంది. ఊళ్లో ఎవరొచ్చినా రాత్రికో బిందెడు పాలు. అందరూ బతికారు. ఒక మంత్రగత్తె మాత్రం జల్లెడ తెచ్చి పట్టింది. జల్లెడ నిండేదాకా పితికితే ఆవు వట్టిపోయి మాయమైంది. రాళ్లు రాళ్లుగా మారిన రాక్షసులనే కథ కూడా ఉంది, కానీ అది ప్రపంచమంతటా దొరుకుతుంది.

ఆ కరువులు ఉత్తుత్తి కథ కాదు. 1857లో పీట్ తవ్వించిన దొర జేమ్స్ మాథెసన్ 1844లో దీవి మొత్తాన్నీ కొన్నాడు. ఆ డబ్బు చైనాలో నల్లమందు అమ్మి సంపాదించింది. ఆ నల్లమందు మాల్వా, బీహార్ పొలాల్లో పండింది. దీవి కొన్న కొద్దికాలానికే బంగాళాదుంప తెగులు పడింది. ఆయన గింజలు తెప్పించి పంచాడు, పనులు పెట్టించాడు. తర్వాత 1851–55 మధ్య 1,700 మందికి పైగా కౌలుదార్లనూ కుటుంబాలనూ ఓడలెక్కించి కెనడా పంపించాడు. రాళ్లకు అడ్డమైన పీట్‌ను తొలగించిన తీరుకీ, భూమికి అడ్డమనుకున్న మనుషుల్ని తొలగించిన తీరుకీ మధ్య దూరం పెద్దగా కనిపించదు.

ఆ 1850ల్లోనే నిజాం రాజ్యంలో పనిచేస్తున్న బ్రిటిష్ అధికారి మెడోస్ టేలర్, నేడు కర్ణాటకలో ఉన్న సురపురం చుట్టూ రాతి వలయాలను తవ్వి, బ్రిటన్ వలయాలతో పోల్చి వ్యాసాలు రాశాడు. రెండూ ఒకే జాతి పనేమో అన్నది ఆయన ఊహ. అది నిలవలేదు. కాలనిష్ రాతియుగపు చివరిది. దక్కన్ వలయాలు ఎక్కువగా ఇనుప యుగానివి, అంటే పదిహేను వందల ఏళ్లకు పైగా తర్వాతివి. తెలంగాణలో వీటిని రాకాసి గుళ్లు అంటారు. చాలావాటి కింద రాతి పలకల గూడు, ఎరుపు నలుపు కుండలు, ఇనుప పనిముట్లు ఉంటాయి. కృష్ణ ఒడ్డున నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో నిలువురాళ్లు వరుసగా ఉన్న చోటు 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాకెక్కింది. పోల్చాల్సింది కట్టినవాళ్లను కాదు, నేలను. మన ఎండకు చచ్చిన ఆకు ఏడాది తిరక్కుండా మట్టిలో కలిసిపోతుంది. పీట్ పేరుకునే ప్రశ్నే లేదు. అందుకే మన వలయాలను ఏ దుప్పటీ కప్పలేదు, అవి నాగలికీ ట్రాక్టరుకీ క్వారీకీ ఎదురుగా ఉండిపోయాయి. కాలనిష్‌ను కప్పిన దుప్పటికీ ఒక లోపం ఉంది. ఆ పులుపు నేల పుప్పొడిని వేల ఏళ్లు దాస్తుంది గానీ ఎముకను తినేస్తుంది. అందుకే అక్కడ చెట్లెలా ఉండేవో చెప్పగలుగుతున్నారు, మనుషుల గురించి చెప్పలేకపోతున్నారు.

ఇప్పుడు ఆ పీట్‌కే విలువ పెరిగింది. పాడైన పొలమని ఒకప్పుడు అనుకున్నది ఇప్పుడు కార్బన్ ఖజానా. భూమి మీద నేలలో పీట్ నేలలు మూడు శాతమే, కానీ అడవుల్లోని చెట్లన్నీ కలిపి దాచినదానికంటే ఎక్కువ కార్బన్ వాటిలో ఉంది. 2008లో లూయిస్ మూర్ మీద 181 గాలిమరలు పెట్టే ప్రతిపాదనను స్కాట్లాండ్ ప్రభుత్వం తిరస్కరించింది, పక్షులున్న రక్షిత పీట్ నేల అని. కార్బన్ తగ్గించే మరల కోసం కార్బన్ దాచిన నేలను తవ్వాలా అన్న తగువు అక్కడ ఇంకా తెగలేదు. ఉద్యోగాలు లేక యువకులు వెళ్లిపోతున్న దీవిలో ఇది పుస్తకాల చర్చ కూడా కాదు.

పీట్ కింద ఇంకా ఏమున్నాయో పూర్తిగా తెలీదు. తూర్పు వరుస కొసన ఉన్న రాయి చాలాకాలం పీట్ కిందే పడి ఉంది, 1982లో లేపి నిలబెట్టారు. 2019లో సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, కాలనిష్ దగ్గరి గుట్ట మీద ఒంటిరాయి నిలబడ్డ చోట, తవ్వకుండా నేలలోని అయస్కాంత తేడాలను కొలిచారు. పీట్ కింద నక్షత్రం ఆకారంలో ఒక మచ్చ కనిపించింది. పెద్ద పిడుగు ఒకటి, లేదా ఒకే చోట పడ్డ చాలా పిడుగులు చేసిన మచ్చ. పీట్ కప్పకముందు పడింది కాబట్టి దాని వయసు కనీసం మూడు వేల ఏళ్లు. మచ్చ చుట్టూ, ఒకప్పుడు ఇంకా రాళ్లుండేవనిపించే వలయపు జాడలు కూడా కనిపించాయి. పిడుగు ముందా, వలయం ముందా అన్నది మాత్రం ఇంకా పీట్ కిందే ఉంది.